గోపాలపట్నంలో మా మేడ మీద సోలార్: పది నెలల తర్వాత నా లెక్క

34 ఏళ్లు ఊరి జనానికి కరెంటు బిల్లులు వేసిన మనిషిని నేను. 1988లో విద్యుత్ బోర్డులో గుమాస్తాగా చేరాను. బోర్డు ముక్కలై కంపెనీలయ్యాక కూడా రెవెన్యూ విభాగంలోనే ఉండి 2022లో పదవీ విరమణ చేశాను. అందువల్ల ఈ సమీక్షలో లెక్కలు కొంచెం ఎక్కువే ఉంటాయి. నచ్చనివారు అక్కడక్కడా ఒక పేరా దాటేయవచ్చు, నేనేమీ అనుకోను.

మాది గోపాలపట్నంలో రెండు వాటాల ఇల్లు. పై వాటాలో నేను, మా ఆయన. ఆయన వాల్తేరు డివిజన్‌లో గూడ్సు బండి గార్డుగా చేసి రిటైరయ్యారు. కింది వాటాలో ఒక చిన్న కుటుంబం అద్దెకు ఉంటోంది. మేడ మీద ఒక నీళ్ల ట్యాంకు, రెండు తులసి కుండీలు, ఎండాకాలంలో కింది వాటా అమ్మాయి పెట్టే వడియాలు తప్ప ఇంకేమీ ఉండేవి కావు. 2025 జనవరిలో అక్కడ 540 వాట్ల ప్యానెళ్లు 6 ఎక్కాయి. మొత్తం 3.24 కిలోవాట్లు. కేంద్రం 2024 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన పీఎం సూర్యఘర్ పథకం కింద పెట్టించుకున్నాం. మొదటి రెండు కిలోవాట్లకు 30,000 చొప్పున, మూడో దానికి 18,000, మొత్తం 78,000 రూపాయల రాయితీ. ఆ పైన ఎంత పెట్టినా రాయితీ అంతే.

పెట్టిన సంస్థ పేరు రాయను. మంచీ చెడూ రెండూ చెప్పబోతున్నాను కాబట్టి పేరు లేకుండా ఉంటేనే నా కలం స్వేచ్ఛగా కదులుతుంది. మొదటి రోజు వచ్చిన కుర్రవాడు ఒక కాగితం మీద 2,10,000 అని ఒకే ఒక అంకె వేసి చేతికిచ్చాడు. ప్యానెల్ ఎంత, ఇన్వర్టర్ (ప్యానెల్ కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే పెట్టె) ఎంత, ఇనుప చట్రం ఎంత, ఎర్తింగ్ ఎంత, పన్ను ఎంత అని అడిగితే, “మేడమ్, ఇవన్నీ ఎవరూ అడగరు” అన్నాడు. అడగాలి. నేను అడిగాను కనుకనే నాలుగు రోజుల తర్వాత అదే సరకుకు విడివిడి ధరలతో 1,92,000కు పత్రం వచ్చింది. మీరు పెట్టించుకునేటప్పుడు కూడా ఒకే అంకె ఉన్న కాగితాన్ని పుచ్చుకోకండి.

రాయితీ పోగా చేతి నుంచి పడింది 1,14,000. “నాలుగేళ్లలో మీ డబ్బు మీకు వచ్చేస్తుంది” అని వాళ్ల మాట. నా లెక్కలో దాదాపు ఏడేళ్లు. మా వాడకం ఏడాది సగటున నెలకు 260 యూనిట్లు, ఎండాకాలంలో 340. ఇతర వడ్డింపులన్నీ కలుపుకున్నా మాకు ఏడాదికి మిగిలేది 16, 17 వేలు. ఏడేళ్లయినా నాకు అభ్యంతరం లేదు. ప్యానెళ్లు పాతికేళ్లు పనిచేస్తాయంటున్నారు. నాలుగని చెప్పి అమ్మడం మాత్రం నచ్చలేదు.

పనితనం విషయానికి వస్తే, చట్రం బాగా కట్టారు. విశాఖలో ఇల్లు కట్టుకున్నవారికి 2014 అక్టోబర్ 12 గుర్తుండే ఉంటుంది. హుద్‌హుద్ నాడు గంటకు 170, 180 కిలోమీటర్ల గాలి వీచింది. మా వీధిలో రేకులు కాగితాల్లా ఎగిరిపోయాయి, కరెంటు కోసం రోజుల తరబడి ఎదురుచూశాం. అందుకే చట్రం గురించి వాళ్లను విసిగించాను. జస్తా పూత వేసిన ఇనుము, స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు వాడారు. సముద్రపు గాలికి మామూలు బోల్టులు రెండేళ్లకే తుప్పు పడతాయి. ఏడడుగుల ఎత్తున పెట్టించడం వల్ల కింద మనిషి నడవగలడు, ట్యాంకు కడుక్కోగలడు. తూర్పున ఉన్న కొబ్బరి చెట్టు నీడ పడుతోందని, కొట్టిస్తే రోజుకు ఒక యూనిట్ అదనంగా వస్తుందని అన్నారు. హుద్‌హుద్‌కే పడని చెట్టును ఒక్క యూనిట్ కోసం నేను పడగొట్టించను అని చెప్పాను.

తప్పులు కూడా ఉన్నాయి. శ్లాబులో బోల్టుల కోసం చేసిన రంధ్రాల చుట్టూ సరిగా పూడ్చలేదు. జూన్ వానలకు హాలు మూల నెమ్ము దిగింది. మూడో ఫోనుకు వచ్చి రసాయనం పూసి సరిచేశారు, డబ్బు అడగలేదు. దీనికంటే పెద్ద పొరపాటు దరఖాస్తులో జరిగింది. మా సర్వీసు నంబరులో ఒక అంకె తప్పు వేసి పంపారు. ఫోటోలు, పత్రాలు మళ్లీ ఎక్కించడానికి వాళ్లు తీసుకున్న రోజులు 24. అది సరయ్యాక, మనం లైనుకు ఇచ్చిందీ తెచ్చుకున్నదీ రెండూ లెక్కగట్టే నెట్ మీటర్ వారంలో వచ్చింది, మార్చిలో రాయితీ సొమ్ము నా ఖాతాలో పడింది. సర్వీసు నంబరు ఎంత ముఖ్యమో 34 ఏళ్లు కౌంటర్ అవతలి నుంచి జనానికి చెప్పినదాన్ని, చివరికి నా నంబరే తప్పు పడింది.

ఇంకొకటి, ఇది ఎవరూ ముందుగా చెప్పరు. లైన్లో కరెంటు పోతే మీ సోలార్ కూడా ఆగిపోతుంది. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరుగుతోంది, నెత్తిన 6 ప్యానెళ్లున్నాయి, ఇంట్లో ఫ్యాను తిరగడం లేదు. మా ఆయన నవ్వి నవ్వి దగ్గారు. ఇది లోపం కాదు. లైను మీద ఎక్కి పనిచేసే మనిషికి మన ఇంటి నుంచి వెళ్లే కరెంటు తగలకూడదు కనుక ఇన్వర్టర్ తనంతట తాను ఆగుతుంది. స్తంభం ఎక్కి తిరిగిరాని సహోద్యోగులు నాకు తెలుసు, కనుక ఆ ఏర్పాటుకు దండం పెడతాను. బ్యాటరీ లేకుండా కొంటే ఇది ఇంతేనని కొనేముందు ఆ కుర్రవాడు ఒక ముక్క చెప్పి ఉండవలసింది.

ఉత్పత్తి బాగుంది. మార్చిలో 396 యూనిట్లు, జులైలో 251. వేసవి అంతా ఏసీ వేసుకున్నా మా బిల్లులో స్థిర చార్జీల్లాంటి చిల్లర తప్ప ఏమీ రాలేదు. వస్తువుకు 5కు 4, సంస్థకు 3. సమీక్ష ఇంతటితో అయిపోవలసింది.

మీటర్ మారిన రోజున కింది వాటా అమ్మాయి మెట్లెక్కి వచ్చి, “పిన్నిగారూ, ఇక మా బిల్లు కూడా తగ్గుతుందా?” అని అడగకపోతే అయిపోయేదే.

తగ్గదు. వాళ్ల మీటర్ వేరు. మేడ ఇంటి యజమానిది, రాయితీ మేడ ఉన్నవారిది. వాళ్ల వడియాల చోటు పోయింది, వాళ్ల బిల్లు మాత్రం పాతదే. ఆ రాత్రి నిద్ర పట్టక పాత అలవాటు కొద్దీ కాగితం, పెన్ను తీశాను.

మన రాష్ట్రంలో ఇళ్లకు కరెంటు చార్జీల శ్లాబులు, అంటే వాడకాన్ని బట్టి మారే ధరల మెట్లు, ఇలా ఉన్నాయి: మొదటి 30 యూనిట్లకు 1.90, తర్వాత 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆ పైన 9.75. కింది వాటావాళ్లు వాడేది నెలకు 110 యూనిట్లు. వాడిన యూనిట్లకు చార్జీ 349 రూపాయల 50 పైసలు. మేము ఎండాకాలంలో వాడే 340కి 2,023 రూపాయలు. ఇప్పుడు మా సోలార్ మాకు సరిగ్గా వాళ్లు వాడేటన్ని, అంటే 110 యూనిట్లు తగ్గించిందనుకోండి. తగ్గేది పై శ్లాబులోంచి, అంటే 8.75 వంతున. మాకు మిగిలేది 962 రూపాయల 50 పైసలు. అవే 110 యూనిట్లు వాళ్ల ఇంట్లో తగ్గి ఉంటే 349.50. ఒకే ఎండ, ఒకే మేడ. మాకు దాదాపు మూడింతల విలువ.

ఇందులో ఇంకొక మెలిక ఉంది. 1.90కి ఏ కంపెనీకీ యూనిట్ గిట్టుబాటు కాదు. ఆ నష్టాన్ని కొంత ప్రభుత్వం పూడుస్తుంది, కొంత పై శ్లాబులవాళ్లు, దుకాణాలు, పరిశ్రమలు పూడుస్తాయి. దీన్నే మేము ఆఫీసులో క్రాస్ సబ్సిడీ అనేవాళ్లం. అంటే నేను కట్టే 8.75లో కొంత భాగం కింది వాటా దీపానికి వెళ్లేది. ఇప్పుడు నేను ఆ 8.75 కట్టడం మానేశాను. ఊళ్లో నాలాంటి పెన్షన్‌దారులు, డాక్టర్లు, సొంత ఇళ్ల సాఫ్ట్‌వేర్ కుటుంబాలు వరుసగా మానేస్తే? స్తంభాలు, తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు అలాగే ఉంటాయి. పాతికేళ్ల ఒప్పందం చేసుకున్న థర్మల్ కేంద్రానికి కరెంటు తీసుకోకపోయినా స్థిర చార్జీ కట్టాలి. పైగా సాయంత్రం ఆరు దాటాక మా ఏసీ నడిచేది ఆ లైన్ల మీదనే, ఎక్కువగా ఆ బొగ్గు కరెంటుతోనే. పగలు నేను ఇచ్చి, రాత్రి తెచ్చుకుంటాను. నిల్వ ఖర్చు నాది కాదు. మరి ఎవరిది? మిగిలినవారిది. మిగిలేది కింది వాటావారే.

చార్జీలు పెంచితే సరిపోతుంది కదా అనేవారు 2000 సంవత్సరంలో మా కౌంటర్ దగ్గర కూర్చుని ఉండవలసింది. సంస్కరణల పేరిట 1999లో బోర్డును విడగొట్టి, మరుసటి ఏడాది చార్జీలు పెంచారు. బిల్లు కాగితాలు మా ముఖాన విసిరినవాళ్లున్నారు. ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో ఆ పెంపు మీద నిరసన తెలిపినవారిపై పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. 2004 మేలో వచ్చిన కొత్త ముఖ్యమంత్రి మొదటి సంతకం పెట్టింది రైతుల ఉచిత కరెంటు ఫైలు మీదనే. అప్పటినుంచి ఏ పార్టీ వచ్చినా కింది శ్లాబు జోలికి వెళ్లాలంటే వందసార్లు ఆలోచిస్తుంది. అది తప్పని నేననను. బరువంతా పై శ్లాబు మీద ఆనించి ఉంచిన ఇంట్లో, ఆ పై దూలాన్నే ముందు ఊడదీస్తున్నామని మాత్రం అంటాను.

మా పెద్దమ్మాయి జర్మనీలో అద్దె ఇంట్లో ఉంటుంది. ఫోనులో ఇదంతా చెబితే, “అమ్మా, ఇక్కడ ఎప్పుడో జరిగిన గొడవే ఇది” అంది. వాళ్లు 2000లోనే చట్టం చేసి, మేడ మీద సోలార్ పెట్టినవారికి 20 ఏళ్ల పాటు నిర్ణయించిన ధర ఇచ్చారు. ఆ ఖర్చును అందరి బిల్లుల మీద యూనిట్‌కు ఇంత అని వేశారు. 2017లో అది యూనిట్‌కు 6.88 సెంట్లు. కరెంటు విపరీతంగా వాడే పెద్ద పరిశ్రమలకు అందులో చాలా వరకు మినహాయింపు, అపార్టుమెంటులో అద్దెకున్నవారికి లేదు. చివరికి 2022 జులైలో ఆ వడ్డింపు ఎత్తేసి భారాన్ని ప్రభుత్వ బడ్జెట్‌కు మార్చారు. అంటే 22 ఏళ్లు పట్టింది. మా అమ్మాయి ఇప్పుడు బాల్కనీ రెయిలింగుకు రెండు చిన్న ప్యానెళ్లు తగిలించుకుంది. అద్దెవారికీ అక్కడ ఆ వీలుందట.

మన దగ్గర అపార్టుమెంటు సంఘాలకు ఉమ్మడి అవసరాల కోసం ఇదే పథకంలో కిలోవాట్‌కు 18,000 ఇస్తున్నారు. ఎస్సీ, ఎస్టీ కుటుంబాల ఇళ్లకు రెండు కిలోవాట్లు ఉచితంగా పెడతామని రాష్ట్ర ప్రభుత్వం చెబుతోంది. మంచిదే. అయినా అద్దెకున్నవారి మాట నాకు ఎక్కడా వినిపించలేదు.

ఇక పన్నుల సంగతి. నేను కొన్నప్పుడు సరకు 70 పాళ్లు, పని 30 పాళ్లుగా లెక్కగట్టి, సరకుకు 12, పనికి 18 శాతం జీఎస్టీ వేశారు. కలిపితే 13.8 శాతం. 2025 సెప్టెంబర్ 22 నుంచి సరకు మీద 5 శాతానికి తగ్గింది, అంటే మొత్తం 8.9. ఎనిమిది నెలలు ఆగి ఉంటే 8 వేల పైచిలుకు మిగిలేది. సరే, ఎండ ఆగదు కదా అని సర్దుకున్నాను. కానీ అదే రోజున బొగ్గుకు ఏం జరిగిందో ఎంతమంది గమనించారు? టన్నుకు 400 రూపాయల సెస్సు తీసేసి, జీఎస్టీని 5 నుంచి 18 శాతం చేశారు. చూడటానికి పన్ను పెరిగినట్టుంది. 1,500 రూపాయల టన్ను బొగ్గు తీసుకోండి. పాత లెక్కలో 75, 400 కలిపి 475 రూపాయలు. కొత్త లెక్కలో 270. ఒకే రోజున సోలార్‌కూ తగ్గింది, కరెంటుకు వాడే చవక బొగ్గుకూ తగ్గింది. 2010లో టన్నుకు 50 రూపాయలతో ఆ సెస్సు మొదలైనప్పుడు కాలుష్యం లేని ఇంధనాల నిధి కోసం అన్నారు. 2017 తర్వాత అది రాష్ట్రాల జీఎస్టీ నష్టపరిహారానికి మళ్లింది, ఇప్పుడు అదీ లేదు. రెండు పడవల మీద కాళ్లని ఎవరైనా అంటే, అక్కడున్నవి రెండు పడవలు కావు, ఆరేడు అని చెబుతాను.

రాయితీ కావాలంటే ప్యానెల్ లోపలి సెల్ కూడా మన దేశంలో తయారైనదే ఉండాలి. ఆ సంస్థ గోదాములో దిగుమతి సరకు కూడా చూపించారు, అది చవక. ప్రపంచంలో సోలార్ తయారీ దశలన్నింటిలో చైనా వాటా 80 శాతం పైన. 2022 ఏప్రిల్ నుంచి మన ప్రభుత్వం దిగుమతి ప్యానెళ్ల మీద 40 శాతం, సెల్‌ల మీద 25 శాతం సుంకం వేసింది. కనుక నాకు వచ్చిన 78,000లో కొంత నిజానికి నా గుండా దేశంలోని సెల్ ఫ్యాక్టరీకి వెళ్లింది. ఇందులో నాకు ఫిర్యాదు లేదు, ఎవరో ఒకరు మనవాళ్లు నిలదొక్కుకోవాలి. కానీ పథకం పూర్తి పేరులో ‘ముఫ్త్’, అంటే ఉచితం, అన్న మాట చూస్తే మాత్రం రెవెన్యూ విభాగం మనిషికి నవ్వొస్తుంది.

మా ఆయన వాదన వేరు. రాత్రిపూట బండి కూత వినగానే, “బొగ్గు రేకు వెళ్తోంది” అంటారు. రేకు అంటే రైల్వే భాషలో గూడ్సు పెట్టెల వరుస. ఒడిశా తాల్చేరు గనుల నుంచి పరవాడలోని సింహాద్రి థర్మల్ కేంద్రానికి బొగ్గు వచ్చేది రైళ్లలోనే. “రైల్వే మోసే బరువులో సగం బొగ్గే. ప్రయాణికుల టికెట్టుతో ఖర్చు రాదు, సరకు బండ్ల లాభంతో పూడుస్తారు. పింఛన్లు కూడా రైల్వే తన రాబడిలోంచే ఇవ్వాలి. నీ ప్యానెళ్లు అందరూ పెట్టుకుని బొగ్గు బండ్లు ఆగిపోతే నా పింఛను ఎవరిస్తారు?” అని అడుగుతారు. సగం వేళాకోళం, సగం నిజం. పాసింజరులో శ్రీకాకుళం వెళ్లే కూలీ టికెట్టు కూడా బొగ్గు మీదే ఆధారపడి ఉందని నేను అంతకుముందు ఆలోచించలేదు. జర్మనీవాళ్లు 2038 లోపు బొగ్గు మానేస్తామని 2020లో చట్టం చేసినప్పుడు, ఆ గనుల ప్రాంతాలకు 40 బిలియన్ యూరోల వరకు ఇస్తామన్నారు. మనకు తాల్చేరులో, పరవాడలో అలాంటి హామీ ఏదీ నేనింకా వినలేదు. సింహాద్రిలో 2,000 మెగావాట్ల బొగ్గు యూనిట్ల పక్కనే జలాశయం మీద 25 మెగావాట్ల తేలే సోలార్ ఉంది, 2021 ఆగస్టు నుంచి పనిచేస్తోంది. ఒకే ప్రహరీ లోపల 80 పాళ్లకు ఒక పాలు.

మా ఇంట్లో ప్యానెళ్లు బిగించినవారు ఇద్దరు కుర్రవాళ్లు, పలాస వైపు నుంచి వచ్చారు. ఐటీఐ చదివారు. రోజుకు 800. పీఎఫ్ ఉందా అని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నడుముకు తాడు లేకుండానే పిట్టగోడ అంచున నిలబడి చట్రం బిగించారు. నేను కేకలేస్తే సంస్థవాళ్లు మర్నాడు తాళ్లు పంపారు. నేను ఆ సంస్థకు 3 ఇవ్వడానికి నెమ్ము కంటే ఇదే పెద్ద కారణం. థర్మల్ కేంద్రంలో పర్మనెంటు ఉద్యోగికి క్వార్టరు ఉంటుంది, ఆసుపత్రి ఉంటుంది, యూనియన్ ఉంటుంది. ఈ కుర్రవాళ్లకు ఇవాళ గోపాలపట్నం, రేపు తగరపువలస, ఎల్లుండి పని లేదు. మా ఆయన వాళ్లకు మజ్జిగ ఇస్తూ, “బాబూ, రైల్వే పరీక్షలు రాయండి” అన్నారు. రాస్తున్నామన్నారు ఇద్దరూ.

కొనాలా వద్దా అని అడిగితే, సొంత మేడ ఉండి నెలకు 200 యూనిట్లు దాటితే కొనండి. అంతకంటే తక్కువ వాడేవారికి తొందర లేదు. విడివిడి ధరలు రాయించుకోండి. సర్వీసు నంబరు మీరే సరిచూడండి. రంధ్రాల చుట్టూ పూడ్చేటప్పుడు దగ్గర నిలబడండి. ఎక్కే మనిషి నడుముకు తాడుందో లేదో చూడండి. ఐదేళ్ల ఉచిత నిర్వహణ మీ హక్కు, అది ఒప్పందంలో రాసి ఉండాలి. పది రోజులకోసారి తెల్లవారుజామున మంచినీళ్లతో కడగండి. మన ఊరి ధూళికి జిగురు ఎక్కువ, వదిలేస్తే అంటుకుపోతుంది.

కింది వాటా సంగతి. మా నెట్ మీటర్ జమ నా బిల్లులోనే పడుతుంది, వాళ్ల బిల్లులో పడదు. ఒకరి మేడ మీది ఉత్పత్తిని ఇంకొకరి మీటర్లో జమ వేసే పద్ధతికి ఢిల్లీలో 2019లోనే నియమాలు రాశారు. మా ఇంట్లో అది ఎప్పుడు వస్తుందో చూడాలి. ఈలోగా నీళ్ల మోటారు నా మీటర్ మీదే ఉంది కాబట్టి, దాన్ని పగలు 11 గంటలకు వేయడం మొదలుపెట్టాను. మోటారు వాటా కింద వాళ్ల దగ్గర నెలనెలా తీసుకునే 120 రూపాయలు మార్చి నుంచి మానేశాను. వడియాలకు మెట్ల గది కప్పు మీద చోటిచ్చాను. మా ఆయన ఇంటి ఖర్చుల పుస్తకం రాస్తారు. మార్చి పేజీలో ఆ 120 ఎదురుగా తన గార్డు దస్తూరీలో ‘క్రాస్ సబ్సిడీ’ అని రాసి, కింద గీత గీసి పెట్టారు.